సిమెంటు లేని గోడ

నేను కట్టిన గోడను చూసి నవ్విన మనిషి ఒక్కడే. నా పని చూసి పెదవి విరిచినవాళ్లు చాలామంది ఉన్నారు, వాళ్లందరూ నాకు గుర్తున్నారు. జగిత్యాలలో ఒక బడిపంతులు తన ఇంటి మెట్లు ఎత్తు ఎక్కువయ్యాయని వాడంతా చెప్పుకుని తిరిగాడు. మెట్లు సరిగానే ఉన్నాయి, ఆయన కాళ్లే పొట్టివి. మస్కట్‌లో ఒక ఇంజనీరు నేను చేసిన ప్లాస్టరింగు మీద తాళంచెవితో గీసి చూశాడు. ఆ గీత ఇప్పటికీ నా కళ్ల ముందే ఉంది. అయినా నవ్వడం వేరు. గోడ ముందు నిలబడి, రెండు చేతులూ నడుము మీద పెట్టుకుని, కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వినవాడు మాత్రం దమ్మామ్‌లో మా క్యాంపులో ఉండే ఫిలిప్పీన్స్ పైపు ఫిట్టరు.

అతను ఎందుకు నవ్వాడో చెప్పాలంటే ముందు మా తోట గురించి చెప్పాలి.

మా క్యాంపు దమ్మామ్ బయట, దహ్రాన్ వైపు పోయే దారిలో, ఒక సున్నపురాతి దిబ్బను ఆనుకుని ఉంది. దిబ్బను సగం నరికి చదును చేసి, అక్కడ గదులు వేశారు. నరికిన అంచుకూ మా గదుల వెనక గోడకూ మధ్య ఇరవై అడుగుల జాగా మిగిలింది. కంపెనీ దాన్ని పట్టించుకోలేదు, నేను పట్టించుకున్నాను. గదుల ఏసీల నుంచి పగలూ రాత్రీ కారే నీళ్లన్నీ అటే పోయేవి. ఆ నీళ్లకు చిన్న చిన్న కాలువలు తీసి, ఊరి నుంచి జేబురుమాలులో కట్టుకొచ్చిన గోంగూర విత్తనాలు చల్లాను. తర్వాత మెంతికూర, పచ్చిమిరప, టమాట వేశాను. మూడేళ్లకు ఒక మునగ చెట్టు గది కప్పు ఎత్తుకు లేచింది. ఇసుకా సున్నపురాయీ తప్ప మరేమీ లేని చోట, డ్యూటీ నుంచి బస్సు దిగి గది వెనక్కి వెళ్తే పచ్చగా కనిపించడం ఎంత హాయిగా ఉంటుందో అక్కడ బతికినవాళ్లకే తెలుస్తుంది. ఈ మాట నేను తేలిగ్గా చెప్పడం లేదు. హాయిగా ఉన్న సంగతులు చెప్పడం నాకు పెద్దగా అలవాటు లేదు.

పైపు ఫిట్టరుతో నా మొదటి తగాదా ఆ మునగ చెట్టు దగ్గరే మొదలైంది. వాళ్లు దాన్ని మలుంగ్గాయ్ అంటారు. కోడిమాంసం చారులో ఆకు వేసుకుంటారు. బాలింతలకు పాలు పడతాయని, నెత్తురు పడుతుందని అతను పెద్ద వైద్యుడిలా చెప్పేవాడు. మాకు తెలియదా ఏమిటి, మా అమ్మ కూడా మునగాకు పప్పు పెట్టే పెంచింది. నా బాధ అది కాదు. అతను పూత రాకముందే లేత కొసలన్నీ తుంచేసేవాడు.

"కాయలు కాయనివ్వవా?" అని అడిగితే, "కాయ ఎందుకు కుయా? కట్టెపుల్లలా ఉంటుంది" అన్నాడు. కుయా అంటే వాళ్ల భాషలో అన్న. నాకంటే ఏడెనిమిదేళ్లు చిన్నవాడు కాబట్టి అలా పిలిచేవాడు. మేము మాట్లాడుకునేది క్యాంపులో అందరూ మాట్లాడే వచ్చీరాని హిందీ. అందులో అతను అన్నదాన్నే ఇక్కడ తెలుగులో రాస్తున్నాను. మర్యాదగా పిలిచి మునక్కాయను కట్టెపుల్ల అనేవాడిని ఏం చేయాలో నాకు తోచలేదు.

ఇక గోడ సంగతి. ఒక చలికాలం వానలకు దిబ్బ అంచు కరిగి, బురద తోటను దాటి గదుల గడపల దాకా వచ్చింది. కంపెనీ నన్ను గోడ కట్టమంది. నాలుగడుగుల ఎత్తున బ్లాకులతో గోడ కట్టి, దిబ్బ వైపూ తోట వైపూ నున్నగా ప్లాస్టరింగు చేశాను. అద్దంలా వచ్చింది. పైపు ఫిట్టరు నవ్వింది ఆ గోడను చూసే.

"కుయా, నీళ్లకు తలుపేది?" అన్నాడు.

రోడ్ల పక్క గోడలకు నీళ్లు పోయే కన్నాలు పెడతారని నాకు తెలియక కాదు. నాలుగడుగుల గోడకు అవెందుకని పెట్టలేదు. పైగా దమ్మామ్‌లో వాన ఎన్ని రోజులు పడుతుంది గనక? మరుసటి చలికాలం రెండే రోజులు పడింది. రెండో రోజు మధ్యాహ్నం గోడ వెనక నీళ్లు నిండి, గోడ మొత్తం ఒకే పలకలా తోటలోకి బోర్లా పడింది. టమాటలూ మిరపా దాని కింద పోయాయి. మునగ, గోంగూర సగం మిగిలాయి. ఈసారి బురద గదుల్లోకే వచ్చింది.

క్యాంపు బాస్ పెషావర్ మనిషి. మంచివాడే కానీ మాట కరుకు. బురదలో చెప్పులు చేత్తో పట్టుకుని వచ్చి, అందరి ముందూ నాతో అన్నాడు: "ఉస్తాద్, ఇంకొక్కసారి ఈ బురద గదుల్లోకి వచ్చిందంటే ఈ జాగా అంతా కాంక్రీటు పోయించేస్తాను. బస్సులు నిలుపుకోవడానికి పనికొస్తుంది. కావాలంటే గోడ మళ్లీ కట్టుకో. కంపెనీ నుంచి ఒక్క బస్తా సిమెంటు కూడా రాదు."

అంటే తోట బతకాలంటే వచ్చే వానలకల్లా గోడ నిలబడాలి. అదీ సిమెంటు లేకుండా. సిమెంటు లేకుండా గోడ కట్టమని మేస్త్రికి చెప్పడమంటే బియ్యం లేకుండా అన్నం వండమన్నట్టే అనిపించింది నాకు. ఆ రోజు బాస్ తోటలోంచి పోతూ పోతూ గోంగూర మొక్కనొకదాన్ని తొక్కాడు. అది కావాలని తొక్కాడో లేదో నేను ఇంకా తేల్చుకోలేదు.

ఎండాకాలమంతా ఆ మాట నన్ను తినేసింది. అక్టోబరులో ఒక శుక్రవారం పొద్దున పైపు ఫిట్టరు గడ్డపార భుజాన వేసుకుని తోటలోకి వచ్చాడు. నేనేమీ పిలవలేదు.

"సిమెంటు లేకపోతే మంచిదే" అన్నాడు. "మా తాత ఎప్పుడూ సిమెంటు చూడలేదు."

అప్పుడు తెలిసింది, అతను వాళ్ల దేశంలో ఉత్తరాన ఉండే కొండల మనిషని. ఇఫుగావ్ అంటారట వాళ్లను. కొండను మెట్లు మెట్లుగా మలిచి, ఒక్కో మెట్టుకు రాతి గోడ కట్టి, దాని మీద వరి మడి చేస్తారు. ఆ మడులు కింద వాగు నుంచి పైన మబ్బుల దాకా ఉంటాయని చెప్పి ఫోనులో ఫొటో చూపించాడు. నేను చాలాసేపు చూశాను. ముప్పై ఏళ్లు రాళ్లూ ఇటుకలతో బతికిన మనిషిని, అన్ని గోడలు ఒకే చోట ఎన్నడూ చూడలేదు. ఒక్కదానికీ ప్లాస్టరింగు లేదు.

"వీటికి ఇంజనీరు ఎవరు?" అని అడిగాను.

"ముసలివాళ్లు" అన్నాడు. "నేను మా మామ దగ్గర నేర్చుకున్నాను. పూర్తిగా నేర్చుకోలేదు, మధ్యలో ఇటు వచ్చేశాను. మా మామ ఇక్కడుంటే నన్ను తిట్టేవాడు."

తనకు పూర్తిగా రాదని తనే ఒప్పుకున్న మొదటి పనివాడు అతనే. ఆ మాటతో అతని మీద కోపం కొంచెం తగ్గింది. కొంచెమే.

పని మొదలుపెట్టే ముందు అతను ఫ్లాస్కులోంచి టీ మూతలో పోసి నేల మీద ఒంపి, లోగొంతుకతో ఏవో పేర్లు చదివాడు. చనిపోయిన పెద్దల పేర్లట. వాళ్ల ఊళ్లో అయితే బియ్యంతో చేసిన కల్లు ఒంపుతారట, పెద్దలకు చెప్పకుండా మట్టిలో గడ్డపార దించరట. టీకి వాళ్లేమీ అనుకోరా అంటే, "సౌదీలో ఉన్నానని వాళ్లకు తెలుసు" అన్నాడు.

తర్వాత ఆరు శుక్రవారాలు కట్టాం. రాళ్లకు కొదవ లేదు, దిబ్బ నుంచి ఎన్నయినా రాలుతాయి. మూరెడు లోతు తవ్వి, పెద్ద రాళ్లన్నీ అడుగున వేశాం. అక్కడే నాకూ అతనికీ మాట పడింది. నేను రాయి వెడల్పు వైపు బయటికి కనపడేలా పెడుతున్నాను. చూడముచ్చటగా ఉంటుంది, తొందరగా ఎత్తు లేస్తుంది. అతను నా రాళ్లన్నీ తీసి తిప్పాడు. చిన్న ముఖం బయటికి, పొడుగంతా దిబ్బలోకి.

"రాయి పడుకుని ఉండాలి, తల మాత్రమే బయటికి పెట్టాలి. అప్పుడు వెనకున్న మట్టే దాన్ని పట్టుకుంటుంది" అన్నాడు.

"అట్లయితే రాళ్లు మూడింతలు కావాలి."

"కావాలి" అన్నాడు. మళ్లీ మోయడానికి పోయాడు.

గోడ నిటారుగా కాకుండా దిబ్బ మీదికి వాలి ఉండాలన్నాడు. రాళ్ల వెనక పిడికిలంతేసి రాళ్లు, వాటి వెనక గులకరాళ్లు, ఆ తర్వాతే మట్టి. నీళ్లు మట్టిని వదిలి రాళ్లలోకి వచ్చి, మెల్లగా బయటికి నడవాలట. నీళ్లను ఆపాలని చూసేవాడు ఓడిపోతాడని, మెల్లగా పొమ్మని చెప్పడమే మనిషి చేయగలిగిందని వాళ్ల మామ చెప్పేవాడట. వాళ్ల మడుల పైన ప్రతి ఇంటికీ ఒక చిన్న అడివి ఉంటుందట, అందులో చెట్టు కొట్టాలంటే ఇంటి పెద్దను అడగాలట. వాననీళ్లను మొదట పట్టుకునేది ఆ అడివే అన్నాడు. మా దిబ్బ మీద గడ్డిపోచ కూడా లేదు. "అందుకే ఇక్కడ గోడకు ఎక్కువ కష్టం" అన్నాడు, గోడ మీద జాలిపడుతున్నట్టు.

వరస మట్టంగా ఉందో లేదో చూడటానికి అతను ప్లాస్టిక్ పైపును నిలువునా చీల్చి, రెండు చివర్లా మట్టి పెట్టి, దాన్నిండా నీళ్లు పోసి రాళ్ల మీద ఉంచేవాడు. వాళ్ల ఊళ్లో వెదురుతో చేస్తారట. అతను టీ తాగడానికి పోయినప్పుడు నేను నా రసమట్టం తెచ్చి అదే వరస మీద పెట్టి చూశాను. బుడగ సరిగ్గా మధ్యలో నిలబడింది. రసమట్టాన్ని తిప్పి పెట్టి చూశాను, మళ్లీ మధ్యలోనే. దాన్ని తుడిచి గదిలో పెట్టేశాను. ఈ సంగతి అతనికి నేను చెప్పలేదు.

ఆరో శుక్రవారానికి గోడ నడుము ఎత్తు దాటింది. అప్పుడే అతన్ని కంపెనీ రెండు వారాలకు జుబైల్ పనికి పంపింది. పోతూ పోతూ, "కుయా, దేన్నీ ముట్టుకోకు. వానకు కొంచెం కుదురుకోనీ" అన్నాడు.

నేను ముట్టుకోకపోదును. మా గదిలో నా పక్క మంచం మీద ఉండేవాడు నిజామాబాద్ ఎలక్ట్రీషియన్. చిన్నవాడు, అన్నా అన్నా అంటూనే నెత్తిన ఎక్కుతాడు. ఒక సాయంత్రం గోడ ముందు నిలబడి తల అటూ ఇటూ తిప్పి చూశాడు.

"అన్నా, గిదేం గోడనే? పండ్లూడిన ముసలోని నోరు లెక్కుంది."

"నీకేం ఎర్కరా గోడల గురించి? పోయి నీ వైర్లు సూస్కో."

"ఎర్క లేకనే అడుగుతున్న. ముప్పయ్యేండ్ల మేస్త్రివి నువ్వు, పిలిపినోని కింద తట్టలు మోస్తున్నవా అని క్యాంపంత అడుగుతున్నరు."

క్యాంపంతా అడగలేదని, అడిగింది ఇద్దరేనని తర్వాత తెలిసింది. ఆ ఇద్దరూ ఎవరో కూడా నాకు తెలుసు. కానీ ఆ మాట లోపల దిగింది. మరునాడు సైటులో తడిసి గట్టిపడబోతున్న సగం బస్తా సిమెంటు పారేస్తుంటే అడిగి తెచ్చుకున్నాను. తాపీ తీశాను. అడుగునున్న మూడు వరసల్లో రాళ్ల మధ్య సందులన్నీ పూడ్చి, అంచులు నున్నగా గీసి, తడిగుడ్డతో తుడిచాను. సందుల్లో బల్లులు చేరతాయని నాకు నేను చెప్పుకున్నాను. అసలు సంగతి ఏమిటంటే, మేస్త్రి చేతికి సందు కనపడితే ఊరుకోదు. అది నా చేతి తప్పు, ఆ చేతికి పని నేర్పినవాళ్ల తప్పు. అందులో నా వాటా నేను ఒప్పుకుంటున్నాను.

బుధవారం మధ్యాహ్నం చిన్న జల్లు పడింది. అరగంట కూడా లేదు. డ్యూటీ నుంచి రాగానే వెనక్కి వెళ్లి చూస్తే, నేను సిమెంటు పెట్టిన చోట గోడకు కడుపు వచ్చింది. మూడు రాళ్లు నాలుగు వేళ్ల మేర ముందుకు ఉబ్బాయి. పై వరసల సందుల్లోంచి మాత్రం నీళ్లు బొట్లు బొట్లుగా, ఏ తొందరా లేకుండా కారుతున్నాయి. శుక్రవారం పెద్ద వాన అని అందరి ఫోన్లూ చెబుతున్నాయి. క్యాంపు బాస్ అప్పటికే వచ్చి ఉబ్బిన చోటు ఫొటో తీసుకుని పోయాడు. కాంక్రీటు పోసేవాళ్లకు ఫోను చేశాడని వంటమనిషి చెప్పాడు.

గురువారం డ్యూటీ అయిన వెంటనే ఉలీ సుత్తీ తీసుకుని కూర్చున్నాను. మళ్లీ తుంపర మొదలైంది. నా పక్క మంచం ఎలక్ట్రీషియన్ గొడుగు పట్టుకుని వచ్చాడు.

"అన్నా, మొన్ననే కద మంచిగ పెట్టినవ్?"

"నోరు మూస్కోని గొడుగు సక్కగ వట్టు. నీళ్లు నా మెడ మీద పడుతున్నయ్."

"నువ్వే పెట్టి నువ్వే తీస్తివి. గిదేం పనే?"

"నీ నోరు వల్లనే పెట్టిన. పట్టు గొడుగు."

వాడు నవ్వలేదు. గొడుగు మూసి పక్కన పడేసి, ఇంకో ఉలి తెచ్చుకున్నాడు. వైర్ల మనిషికి ఉలి పట్టుకోవడం రాదు, రెండుసార్లు వేలు కొట్టుకున్నాడు. అయినా లేవలేదు. ఆ సంగతి కూడా నాకు గుర్తుంది. గుర్తుపెట్టుకునేవి చెడ్డవే కానక్కరలేదు.

అడుగు వరసలో నాలుగో సందు తెరవగానే మట్టి నీళ్లు కొళాయి తిప్పినట్టు నా ఒళ్లో పడ్డాయి. ఆ తర్వాతి సందు నుంచీ అంతే. రెండు చేతుల నిండా బురద కారి కారి, చివరికి నీళ్లు తేటబడ్డాయి. మేము తీస్తూ ఉండగానే జుబైల్ బస్సు వచ్చింది. పైపు ఫిట్టరు సంచీ భుజాన ఉండగానే తోటలోకి వచ్చాడు. కింద పడి ఉన్న సిమెంటు పెళ్లలు చూశాడు, నా చేతిలో ఉలి చూశాడు, ఉబ్బిన రాళ్లు చూశాడు. ఏదో ఒకటి అంటాడని ఎదురుచూశాను. జవాబులు కూడా సిద్ధం చేసుకున్నాను, బల్లుల సంగతితో సహా. అతను ఏమీ అనలేదు. ఏమీ అనకపోవడం నాకు ఇంకా కోపం తెప్పించింది.

సంచీ కింద పెట్టి, గోడకు అరచెయ్యి ఆనించి కాసేపు నిలబడ్డాడు. "మూడు రాళ్లే. పైన ఉన్నవి గట్టిగానే ఉన్నాయి. ఇవి తీసి మళ్లీ పెడదాం" అన్నాడు.

పై రాళ్లకు కర్రలు ఆనించి, మూడు రాళ్లూ ఒక్కొక్కటిగా లాగి, వెనక నానిన మట్టి తోడి, గులకరాళ్లు కూరి, రాళ్లను మళ్లీ లోపలికి పడుకోబెట్టాం. రాత్రి ఇషా అజాన్ వినిపించేసరికి పని అయిపోయింది. సిమెంటు పెళ్లలన్నీ నేనే ఏరి డబ్బాలో పారేశాను. వాటిని అతను మోయబోతే మోయనివ్వలేదు.

శుక్రవారం పొద్దున తొమ్మిదింటికి వాన మొదలైంది. అలాంటి వాన దమ్మామ్‌లో నేను అంతకుముందు చూడలేదు. గేటు బయట రోడ్డు కాలువయింది. మేమంతా గదుల వెనక చూరు కింద నిలబడ్డాం. దిబ్బ మీద నుంచి నీళ్లు పాయలు పాయలుగా దిగి గోడ వెనక మాయమయ్యాయి. కాసేపు ఏమీ కాలేదు. నా గుండె గోడ మీదే ఉంది. తర్వాత అడుగు వరసలో ఒక సందు చెమర్చింది, తర్వాత దాని పక్కది. చూస్తుండగానే గోడంతా చెమట పట్టినట్టయింది. ప్రతి సందులోంచీ సన్నటి ధార దిగి, మేము తీసిన కాలువలో కలిసి, మునగ మొదలు చుట్టూ తిరిగి బయటికి పోయింది. తేట నీళ్లు. దిబ్బ మట్టి దిబ్బ దగ్గరే ఆగిపోయింది.

మధ్యాహ్నానికి బాస్ ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి వచ్చాడు. గోడనూ గడపలనూ చూశాడు. గడపలు పొడిగా ఉన్నాయి. ఒక రాయిని కాలితో తన్ని చూశాడు. తన్నాల్సిన పని లేదు, చూస్తే చాలు, అయినా తన్నాడు.

"సరే. బస్సులు గేటు దగ్గరే నిలబడతాయి" అన్నాడు. పైపు ఫిట్టరు వీపు తట్టాడు. నా వీపు తట్టలేదు. నేను తడిసి ఉన్నానని కావచ్చు. అతనూ తడిసే ఉన్నాడు.

బాస్ పోబోతుంటే పైపు ఫిట్టరు ఆపాడు. "ఇది ప్రతి ఏడూ చూసుకోవాలి సార్. మొదటి వాన తర్వాత కొన్ని రాళ్లు జారతాయి, మళ్లీ పెట్టాలి. మా ఊళ్లో ఆ మడి అన్నం తిన్నవాళ్లంతా ఒక రోజు గోడ పనికి వస్తారు."

మా ఊళ్లోనూ నాట్లప్పుడు బదుళ్లు పోతారు, ఇవాళ మీ పొలానికి మేము, రేపు మా పొలానికి మీరు. ఆ మాట అతనికి చెబితే, "అయితే నీకు ముందే తెలుసు" అన్నాడు.

"ఇక్కడ ఎవరెవరు తిన్నారో ఎవరికి గుర్తుంటుంది?" అన్నాడు బాస్ నవ్వుతూ.

నాకు గుర్తుంది. అక్కడికక్కడే మొదలుపెట్టాను. గోంగూర మాంసం ఎవరు ఎన్నిసార్లు తిన్నారో, మెంతికూర అడక్కుండా ఎవరు కోసుకుపోయారో, మిరపకాయలు జేబులో వేసుకుని నేను చూడలేదని ఎవరు అనుకున్నారో, గది గది వరసలో చెప్పాను. రంజానులో ఇఫ్తారుకు బాస్ గదికి పోయిన రెండు గిన్నెల పచ్చడి కూడా చెప్పాను. నేను చెబుతున్నంతసేపూ పైపు ఫిట్టరు తల ఊపి, ఆఖరున ఇలాంటి మనిషి ప్రతి ఊరికీ ఒకడు ఉండాలి అన్నాడు. నన్ను ఎవరైనా అలా మెచ్చుకోవడం అదే మొదటిసారి. వెటకారమేమోనని ఎంత వెతికినా దొరకలేదు.

తర్వాతి శుక్రవారం పదకొండు మంది వచ్చారు. బాస్ కూడా వచ్చాడు, తలకు గుడ్డ చుట్టుకుని. నీరెండ కాస్తోంది, గోంగూర కడిగినట్టు నిగనిగలాడుతోంది. పై వరసలో జారిన రాళ్లు తొమ్మిదే. బాస్ మంచి పెద్ద రాయి ఒకటి ఏరుకుని, వెడల్పు వైపు బయటికి వచ్చేలా పెట్టి, వెనక్కి జరిగి చూసుకున్నాడు.

"అట్లా కాదు" అన్నాను. "తియ్యండి."

"బాగానే ఉంది కదా ఉస్తాద్."

"తియ్యండి. తల బయటికి, ఒళ్లు లోపలికి."

అతను పైపు ఫిట్టరు వైపు చూశాడు. పైపు ఫిట్టరు నా వైపు చూపించి, తన రాయి వెతుక్కోవడానికి దిబ్బ పైకి పోయాడు. బాస్ ఏదో గొణిగి, రాయి పీకి, తిప్పి లోపలికి తోశాడు. నేను పట్టుకుని ఊపి చూశాను. కదల్లేదు.